బాపు స్కూటర్ తీర్మానం

హనుమకొండలో ఉద్యోగ పరీక్షలకు సిద్ధమయ్యే పిల్లలకు నేను రీజనింగ్ చెబుతాను. ముందు ఆధారాలు వెతకండి, ‘కాబట్టి’ తర్వాత వచ్చేదే తీర్మానం అని బోర్డు మీద గీతలు గీసి చూపిస్తాను. నాకు జీతం ఇచ్చేదే దానికి. మట్టెవాడలో, కన్నతండ్రితో కలిసి ఉండే మా ఇంట్లో మాత్రం ఈ విద్య చెల్లదు. మా బాపు ‘కాబట్టి’ అనడు, స్కూటర్ కిక్ కొడతాడు.

బాపుకు బట్టల దుకాణం ఉంది. కంటి దవాఖానలో డాక్టర్ పరీక్షించి, పక్క చూపు పోయింది, ఇక తిరిగి రాదు, బండి నడపొద్దు అని చెప్పాడు. ఎదురుగా ఉన్నది కనిపిస్తుంది. పక్క నుంచి వచ్చే ఆటో మీద పడేదాకా కనిపించదు. మర్నాడు పొద్దున్నే బాపు స్కూటర్ తుడుస్తున్నాడు.

నేను అడ్డుపడ్డాను. ఆయన దగ్గర ఆధారాలకు కొదవ లేదు. ఈ గల్లీలు పుట్టినప్పటి నుంచి తెలిసినవేనట. ఆ డాక్టరుకు ఇంకా మీసాలే సరిగా రాలేదట. బజారులో అందరూ తనను గుర్తుపడతారట, వాళ్లు తనకు కనిపించకపోయినా తను వాళ్లకు కనిపిస్తాడట. నేను వదలకుండా ఒక్కొక్కటీ కొట్టేస్తూ పోయాను. ఆధారాలన్నీ కూలిపోయాక కూడా తీర్మానం స్టాండు మీద దర్జాగా నిలబడే ఉంది. ఆయన దాన్ని ముందే ఖాయం చేసుకుని, దుకాణంలో థాన్లు దించినట్టు కారణాలు దించుతున్నాడు.

అప్పుడే మూడో తరగతి చదివే నా బిడ్డ బ్యాగు తగిలించుకుని బయటికి వచ్చింది. నాకు ఒళ్లు మండి అనేశాను.

“అంత మంచిగ కనబడ్తే ఈమెను గూడ ఎక్కించుకొని పో బాపూ. బడి నీ తొవ్వలనే ఉన్నది గద.”

అన్నాక భయం పట్టుకుంది. ఆయన సరేనంటే ఏం చేయాలో ఆలోచించుకోలేదు. పిల్ల అప్పటికే వెనక సీటు పట్టుకుంది.

బాపు పిల్లను చూశాడు. తర్వాత దాని చెయ్యి సీటు మీంచి మెల్లగా తీశాడు.

“పిల్లను ఆటోల తోలు బిడ్డా,” అన్నాడు.

క్లాసులో అయితే ఇక్కడ గీత గీసి, చూశారా అనేదాన్ని. ఆ పొద్దు మాత్రం నాకు ఏడుపొచ్చింది. బాపు తాళంచెవి నా చేతిలో పెట్టాడు.

“ఆటోల నాకు గూడ జర జాగ ఉంటదా?” అని అడిగాడు.