ఫోనులో నయమైన మా బావ

నేను ఆరో తరగతిలో బడి మానేసిన ఏడాది మా క్లాసులో అందరూ పాసయ్యారు. బడికి నేను చేసిన ఒకే ఒక్క మేలు అదేనని మా మాస్టారు చెప్పుకునేవారట. అందుకే, ఫలితాలు ఎలా పెరుగుతాయో నాకు ఎవరూ నేర్పనక్కర్లేదు.

మగ్గాల పనికి మేం వలసొచ్చిన ఈ హిందీ ఊళ్లో, ధామన్కర్ నాకా దగ్గర తాగుడు మాన్పించే కేంద్రం ఒకటుంది. శాంతి నగర్‌లో మగ్గాలు నడిపే మా బావను బతిమాలి బామాలి అక్కడ చేర్పించాం. కొన్ని వారాలుండి, నున్నగా గడ్డం గీసుకుని, మందుల సంచితో ఇంటికొచ్చాడు. అక్క మొహం తేటపడింది. కొన్నాళ్లకు ఆయన షిఫ్టు దిగి నేరుగా ఇంటికి రావడం మానేశాడు. కేంద్రం ఉంది కదా, మళ్లీ చూపిద్దామని నేనొక్కణ్నే వెళ్లాను. కౌన్సిలర్ మేడమ్ కంప్యూటరు చూసి, "ఆయన కేసు మూసేశాం. నయమైపోయింది" అంది హిందీలో. ఇక మందులూ ఉండవు, వారం వారం కూర్చోబెట్టి మాట్లాడటమూ ఉండదు.

"నయమైందని ఎవరు చెప్పిన్రు మేడమ్?"

"ఆయనే చెప్పాడు. ఫోన్ చేసి అడిగాం."

ఏమడిగారయ్యా అంటే, "ఆరామ్ హై క్యా?" అని, అంటే నయంగా ఉందా అని. మా బావ ఏమన్నాడయ్యా అంటే, "ఆరామ్ హై."

ఒళ్లు మండిపోయింది నాకు. మావాళ్లకు "ఆరామేనా?" అన్నది ప్రశ్న కాదు, పలకరింపు. దానికి జవాబు ఒక్కటే: "ఆరామే." కాలు విరిగి కట్టుకట్టించుకున్నవాడూ అదే అంటాడు, సేటు తిట్టి పంపించినవాడూ అదే అంటాడు. ముక్కులో గొట్టం ఉన్నవాడు నోరు పెగలక తల ఊపుతాడు. అసలు సంగతి చాయ్ తాగాక బయటికొస్తుంది. మేడమ్ చాయ్ దాకా ఆగలేదు, మార్కు వేసేసుకుంది. ఆమె వెనక గోడ మీద వాళ్ల ఫలితాల గీత మెట్లెక్కినట్టు పైకి పోతోంది. అందులో ఒక మెట్టు మా బావ. ఆ మెట్టు అప్పటికి దారూ దుకాణంలో కూర్చుని ఉంది.

నాకొచ్చిన హిందీలోనే చెప్పేశాను. "మా కార్ఖానాల బట్ట తయారైతే వెలుతుర్ల పరిచి సూస్తరు మేడమ్. 'ఏం బట్టా, మంచిగున్నవా?' అని అడిగి పాస్ చెయ్యరు."

ఆమె నవ్వలేదు. పైవాళ్లు ఇచ్చిన ప్రశ్నలివే, పేషంటు మాటే మాకు లెక్క అంది. అంటే, మనిషి బాగుపడకపోయినా ఫరవాలేదు, బాగున్నానని ఒక మాట అంటే చాలు!

"గట్లయితే ఇంట్ల ఉన్నామెను అడుగున్రి. ఆయన మెట్లెక్కే సప్పుడును వట్టే ఎంత తాగిండో చెప్తది మా అక్క."

చాలాసేపు వాదించాక ఒప్పుకుంది. అక్కకు ఫోన్ చేస్తారట, ఆమె తాగుతున్నాడని చెప్తే కేసు మళ్లీ తెరుస్తారట. యుద్ధం గెలిచినవాడిలా ఆటో ఎక్కాను.

తర్వాతి వారం పోతే మేడమ్ మొహంలో విసుగు. "మీ అక్కను అడిగాం. ఆమె కూడా ఆరామే అంది. కేసు మూసే ఉంటుంది."

అక్కణ్నుంచి కోపంతో సోయి లేకుండా అక్క వాళ్లుండే ఒంటిగది ఖోలీకి పోయాను. ఆమె పిండి కలుపుతోంది. గుమ్మంలోనే అరిచాను.

"తాగుతుండని ఒక్క మాటంటే అయిపోతుండె గదనే! గాళ్లతోని అంత కొట్లాడొస్తి నేను. నీ నోరు యాడ వోయింది?"

అక్క పిండి పిసుకుతూనే అంది.

"ఆ ఫోను ఎవరిదిరా? మీ బావది. మోగంగనే స్పీకర్ల వెట్టి నా ముంగట వట్టిండు. ఆయన కండ్లల్లకు సూసుకుంట తాగుతుండని చెప్పాల్నా? చెప్తే, ఆ దెబ్బలు నువ్వొచ్చి తింటవా, మీ మేడమ్ వచ్చి తింటదా?"