దుబాయికి పంపిన క్యాసెట్

నేను పాటలు తీద్దామని కెమెరా పట్టాను. చావులు తీయాల్సి వచ్చింది.

మా బాపు బోధన్ చక్కెర ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. పదో తరగతి అయిపోగానే నన్నూ అందులోనే పెట్టిద్దామని చూశాడు. నేను వినలేదు. నిజామాబాద్‌లో బస్టాండు దగ్గరున్న ఒక ఫోటో స్టూడియోలో చేరాను. స్టూడియో సేటు దగ్గర భుజం మీద పెట్టుకునే వీడియో కెమెరా ఉండేది. ఆదివారాలు దాన్ని అడుక్కుని, ఊళ్లలో పాడే ఒక బృందాన్ని చెరుకు తోటల్లో నిలబెట్టి పాటలు తీసేవాణ్ని. ఆ పాటలు చూపించుకోవడానికి అప్పట్లో టీవీలో మాకు చోటు లేదు. పెళ్లి క్యాసెట్టు చివర్లో కాస్త టేపు మిగిలితే అందులో ఒక పాట కలిపి ఇచ్చేవాణ్ని. పెళ్లివాళ్లు చూస్తారు కదా అని ఆశ.

ఆ రోజుల్లో పల్లెల్లో ఏ వాడకు పోయినా ఎవరో ఒకరు దుబాయిలో ఉండేవారు. సౌదీ పోయినా, మస్కట్ పోయినా మా దగ్గర దాన్ని దుబాయే అంటారు. ఇంట్లో ఎవరైనా చనిపోతే, అక్కడ పనిలో పెట్టుకున్న యజమాని, కఫీల్, పాస్‌పోర్టు ఇవ్వడు, మనిషి రాలేడు. అందుకని అంత్యక్రియలు వీడియో తీయించి పంపేవారు. సేటు ఆ పనులకు పోయేవాడు కాదు. నన్ను పంపేవాడు.

ఒకసారి నందిపేట్ వైపు ఒక ఊరికి పోయాను. చనిపోయింది పాతికేళ్లయినా నిండని కోడలు. మొగుడు సౌదీలో ఉన్నాడు. అతని అన్న నన్ను బస్సు దగ్గరే కలిసి చెప్పాడు.

"మొఖం మంచిగ కనవడాలె తమ్మీ. మా తమ్ముడు జూడాలె. జరం వచ్చి అచానక్ పోయిందని ఫోన్ల జెప్పినం."

అది పసుపు కొమ్ములు పెద్ద కడాయిల్లో ఉడికించే కాలం. వాకిట్లో శవం పక్కనే ఉడికిన కొమ్ములు కుప్పగా పోసి ఉన్నాయి. నేను ముఖం తీశాను, కాళ్లు తీశాను, వచ్చిన చుట్టాలను తీశాను. అప్పుడు ఆ పిల్ల తల్లి లేచింది. ముప్కాల్ నుంచి వచ్చిందట, బక్కపల్చని మనిషి.

"కడుపునొప్పని నా బిడ్డ మొర్రో అంటే కడాయి దించినంక పోదామంటిరి గదరా! దించిండ్రా? దించిండ్రా ఇగ?" అని ఆ కుప్పను కాలితో తన్నింది.

ఆమె నోరు తెరవగానే అన్న నా భుజం పట్టుకున్నాడు. "బంద్ చెయ్, బంద్ చెయ్."

అప్పుడే కెమెరా ఆపేశాను, ఆ మాటలు టేపులో పడలేదు. మళ్లీ ఆన్ చేసేసరికి పాడె లేచింది.

దాదాపు రెండేళ్ల తర్వాత స్టూడియోకు ఒక మనిషి వచ్చాడు. ఎండకు నల్లబడి, కళ్లు లోపలికి పోయి ఉన్నాయి. సంచిలోంచి ఆ క్యాసెట్ తీసి బల్ల మీద పెట్టాడు.

"గిది తీసింది నువ్వేనా అన్న?"

"నేనే."

"మా క్యాంపుల అందరు పన్నంక సూసేటోన్ని. ఒక్క జాగల మా అత్త లేస్తది. నోరు తెరుస్తది. అంతే, కట్ అయితది. ఆమె ఏమన్నది?"

నేను సేటు వైపు చూశాను. ఆయన తల దించుకుని ఫోటోలు కత్తిరిస్తున్నాడు.

"మీ ఇంట్ల అడుగలేదా?" అన్నాను.

"అడిగిన. ఏడుసుకుంట ఏదో అన్నది, యాదికి లేదంటున్నరు. నువ్వు ఆడ్నే ఉంటివి గద అన్న."

ఉన్నదున్నట్టు చెప్పాను. వింటున్నంతసేపూ అతను క్యాసెట్ డబ్బా మూత తెరుస్తూ, మూస్తూ ఉన్నాడు. చివరికి, "నాతోని ముప్కాల్ వస్తవా? కెమెర పట్టుకొని రా. ఆమె మల్లొక్కపారి జెప్పాలె. గీసారి కట్ గావద్దు" అన్నాడు.

మరునాడు పొద్దున్నే పోయాం. ఆమె ఇంటి ముందు కూర్చుని చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చేస్తోంది. అల్లుణ్ని చూసి లేవలేదు, కూర్చోమని కూడా అనలేదు. అతనే పోయి కింద కూర్చున్నాడు.

"అత్తా, ఏమైందో జెప్పు."

"జెప్తే వస్తదా?"

"రాదు. జెప్పు."

నేను కెమెరా స్టాండు మీద పెట్టి ఆమె ముఖం మీద నిలిపాను. ఆమె ఒకసారి నా వైపు చూసి మళ్లీ ఆకు చుట్టడం మొదలుపెట్టింది. చెబుతున్నంతసేపూ చేతులు ఆగలేదు.

పక్కింటామె కబురు పంపితే బస్సెక్కి బయల్దేరిందట. దారిలోనే ట్రాక్టర్ ఎదురొచ్చింది. ట్రాలీలో గోనె సంచుల మీద బిడ్డ పడుకుని ఉంది. కడాయి దించాక అప్పుడు తీసుకుపోతున్నారు నిజామాబాద్ దవాఖానకు. ఈమె బస్సు దిగి ట్రాలీ ఎక్కింది.

"కడుపు గుండు లెక్క అయింది. ముట్టుకోనియ్యలే. నీళ్లడిగితే తడిగుడ్డతోని పెదువులు తుడిసిన. నా ఒళ్లెనే పోయింది. దవాఖాన ఇంక రానే లేదు."

అతను, "నన్నేమన్న అడిగిందా?" అన్నాడు.

ఆమె ఆకును పళ్లతో కొరికి, దారం చుట్టి, కట్ట కట్టింది. అప్పుడు చెప్పింది.

"అడిగింది. ఆయినకు జెప్పకు అవ్వా, పని ఇడిసిపెట్టి వస్తడు అన్నది."

అతను లేచి ఇంటి వెనక్కి పోయాడు. అక్కడి నుంచి వచ్చిన శబ్దం కూడా టేపులో పడింది. ఆమె నన్ను చూసి, "అయిపోయిందా బిడ్డా?" అని అడిగింది. అయిపోయిందన్నాను. చాట సర్దుకుని ఇంకో ఆకు తీసుకుంది.

ఆ టేపును నేను కత్తిరించలేదు. ముందు పేరు కూడా వేయలేదు. అతనికి ఒక కాపీ ఇచ్చి, జనానికి చూపించవచ్చా అని అడిగాను. "అందరు సూడాలె" అన్నాడు. అతని అత్త కూడా సరేనంది. అదే నా మొదటి చిన్న సినిమా.

నిజామాబాద్‌లో కొందరు యువకులు ఒక హాలు మాట్లాడి, టీవీ పెట్టి దాన్ని వేశారు. అయిపోయాక ఎవరూ లేవలేదు. ఒక లెక్చరర్ మాత్రం, "ఇందులో కథ లేదు. ఒక ముసలామె మాట్లాడుతోంది, అంతే" అన్నాడు. వెనక వరుసలో జక్రాన్‌పల్లి నుంచి వచ్చిన ఒక రైతు లేచి, "మా ఇండ్లల్ల గంతే సారు. కడాయి దించినంకనే" అని బయటికి పోయాడు.

వారం తిరగకముందే, అప్పుడు కెమెరా ఆపించిన అన్న చుట్టాలను వెంటేసుకుని స్టూడియోకు వచ్చాడు.

"చావు తియ్యమంటే మా ఇజ్జత్ తీస్తవారా?" అని నా చొక్కా పట్టుకున్నాడు. సేటు మధ్యలోకి వచ్చి విడిపించాడు. వాళ్లు పోయాక నెమ్మదిగా అన్నాడు. "మనకు పెండ్లిండ్లు ఇచ్చేటోళ్లు గీళ్లే. నువ్వు ఇగ ఇంకో జాగ సూసుకో."

ఆ సినిమాను మళ్లీ ఎక్కడా వేయలేదు. వేద్దామని అడిగినవాళ్లు కూడా లేరు.

తర్వాత సీడీల కాలం వచ్చింది. జానపద పాటల ఆల్బంలకు గిరాకీ పెరిగి నన్ను డైరెక్టర్ అని పిలవడం మొదలుపెట్టారు. అద్దె కెమెరాతో ఎన్నో పాటలు తీశాను. మరదలు కావాలి, బావ రావాలి, ఓణీ ఎగరాలి. కంపెనీవాళ్లు అంతకుమించి అడిగేవారు కాదు. ఆలోగా బోధన్‌లో ఫ్యాక్టరీ మూతపడింది. మా బాపు పొద్దున్నే లేచి తయారై, పోయే చోటు లేక గడపలో కూర్చునేవాడు. చెరుకు వేసిన వాళ్లంతా వరికి మళ్లారు. పాటలో చెరుకు తోట కావాలంటే జీపు వేసుకుని మహారాష్ట్ర సరిహద్దు దాకా వెతుక్కుంటూ పోయేవాళ్లం.

ఇంకో చిన్న సినిమా తీయాలని చాలాసార్లు అనుకున్నాను. ఎవరి ముందైనా కెమెరా పెట్టి, చెప్పమని అడగడానికి నోరు వచ్చేది కాదు.

సౌదీ నుంచి వచ్చిన ఆ మనిషిని చివరిసారి నిజామాబాద్ మార్కెట్ యార్డులో చూశాను. అన్న నుంచి వేరుపడి, ముప్కాల్‌లో అత్త దగ్గరే ఉంటూ వ్యవసాయం చేసుకుంటున్నాడట. మళ్లీ పెళ్లి చేసుకోలేదు. ఆమెకు చూపు మందగించి బీడీలు మానేసింది.

"నీ పాట బస్సుల పెట్టిండ్రు అన్న. మంచిగున్నది" అన్నాడు.

ఇద్దరం చాయ్ తాగాం. వేలం పాట అతని కుప్ప దాకా వచ్చిందని ఎవరో కేక వేస్తే, గ్లాసు అక్కడే పెట్టి పసుపు వైపు పరుగెత్తాడు.