ఆరో తొమ్మిదో

ప్లేట్ల మాస్టారు అనే పేరు వినగానే, ఆ వీధిలోకి కొత్తగా దిగినవాళ్లు ఆయన విందులకు సామాను అద్దెకిస్తాడని అనుకునేవాళ్లు. ఒకావిడ తలుపు తట్టి, "రెండొందల ప్లేట్లు కావాలండీ, గ్లాసులు కూడా ఉంటే మంచిది" అని అడిగింది కూడా. మాస్టారు ఆవిణ్ని కూర్చోబెట్టి, తనకు తెలిసిన ప్లేట్లు అరచేతిలో సగమే ఉంటాయనీ, ఇత్తడివనీ, నాలుగు మూలలా నాలుగు రివెట్లుంటాయనీ, వాటిలో భోజనం పట్టదనీ ముప్పావుగంట సేపు వివరించాడు. ఆవిడ మళ్లీ ఆ వైపు రాలేదు.

మాస్టారు మిలిటరీ వర్క్‌షాపులో ముప్పై ఒక్క ఏళ్లు పనిచేశాడు. అరిగిపోయిన ఇంజిన్లు అక్కడికి వచ్చేవి. వాటిని విప్పి, కడిగి, సిలిండర్లు బోరు చేసి, క్రాంకు సానబట్టి, తిరిగి బిగించి పంపేవాళ్లు. అలా పునర్జన్మ ఎత్తిన ప్రతి ఇంజిన్‌కీ పక్కన ఒక ఇత్తడి ప్లేటు బిగించేవాళ్లు. ఏ తేదీన బాగుచేశారు, బోరు ఎంత పెంచారు, క్రాంకు ఎంత తగ్గించారు, ఆ ఏడు ఆ వర్క్‌షాపులో అది ఎన్నో ఇంజిన్ అన్నీ అందులో ఉండేవి. జననమరణాల రిజిస్టరు రాసే గుమాస్తాకుండే గాంభీర్యంతో మాస్టారు ఆఖరి బల్ల దగ్గర కూర్చుని, ఉక్కు పంచ్‌ల మీద సుత్తితో ఒక్కో దెబ్బ వేసి ఆ అంకెలు అచ్చుకొట్టేవాడు. అంకెకు ఒకే దెబ్బ. రెండో దెబ్బ అవసరమైనవాడు గోడకు మేకులు కొట్టుకోవచ్చునని ఆయన తీర్పు.

పాత మిలిటరీ బండ్లు కొని, బాగుచేసి, ఎండలో నిలబెట్టి మురిసిపోయే జాతి ఒకటి ఈ భూమ్మీద ఉందని ఆయనకు రిటైరయ్యాకే తెలిసింది. ఆ జాతికి నిద్రపట్టనివ్వని ప్రశ్న ఒకటే, ఇంజిన్ మీది ప్లేటు అసలుదా, ఎవడో మొన్న చేసి అతికించినదా అని. వర్క్‌షాపు మూతపడింది, దాని రిజిస్టర్లు చెదలకు ఆహారమయ్యాయి. ఇక దిక్కు మాస్టారే. ఆయన ఒక భూతద్దం, ఒక టార్చి, కిరసనాయిలు గుడ్డతో బయల్దేరేవాడు. ప్లేటు తుడిచి, పల్చటి కాయితం పరిచి, పెన్సిలుతో రుద్ది, ఆ అచ్చును నోటుపుస్తకంలో అంటించుకునేవాడు. ఆ తర్వాత తీర్పు. "మనదే." లేదా "మనది కాదు." మూడో మాట ఆయన దగ్గర దొరికేది కాదు.

ఆయన అక్కకు డెబ్బై ఎనిమిదేళ్లు. ఆవిడ భర్త మిలిటరీలో అంబులెన్సు లారీ నడిపేవాడు. పదకొండేళ్లు ఒకే బండి. ఇంటికి ఉత్తరం రాస్తే అందులో సగం దాని సంగతే. "పెద్దావిడకు ఒంట్లో నలతగా ఉంది. పెద్దావిడ నిన్న ఎత్తు ఎక్కనని మొరాయించింది." పెళ్లికి ముందు నుంచీ ఉన్నది గనక బండి పెద్దావిడ. ఆ లెక్కన అక్క చిన్నావిడ. అక్క మాత్రం దాన్ని "నా సవతి" అనేది. ఒక్కసారి చూపించమంటే రూల్సు ఒప్పుకోవనేవాడు బావ. రిటైరయ్యాక ఎలాగైనా వెతికి చూపిస్తానన్నాడు. రిటైరైన మూడో నెలలో పోయాడు.

"ఒరేయ్ చిన్నోడా, అది ఎక్కడైనా కనబడితే చెప్పరా. నాలుగు మాటలు అడగాలి దాన్ని," అని అక్క ఏడాదికి రెండుమూడుసార్లైనా అనేది.

ఆనవాలు ఒక్కటే ఉంది. బావ జేబుపుస్తకంలో ఒకచోట, "పెద్దావిడకు ఇంజిన్ మార్చారు. ప్లేటు 2416. కొట్టినవాడు మా బామ్మర్దే" అని రాసుంది.

ఒక ఉదయం బండ్ల ఆసామి ఫోను చేశాడు. ఊరి చివర షెడ్డులో పాత బండ్లు బాగుచేసి అమ్మే మనిషి. "మాస్టారూ, అంబులెన్సు లారీ ఒకటి వచ్చింది. చాసిస్ నంబరు తుప్పు తినేసింది. ఇంజిన్ ప్లేటు రంగు కింద ఉంది, మీరొచ్చి చూడాలి. అమ్ముడుపోయింది, మధ్యాహ్నం ట్రైలరెక్కి ఓడరేవుకు పోతోంది."

మాస్టారు అక్కను వెంటబెట్టుకుని వెళ్లాడు. సవతి ముందు తీసిపోకూడదని అక్క పెట్టె అడుగు నుంచి మంచి బట్టలు తీసి కట్టుకుంది.

షెడ్డులో నేలంతా నూనె తాగిన రంపపు పొట్టు. లారీ బానెట్టు తెరుచుకుని నిలబడి ఉంది.

"ఇదేనా?" అంది అక్క.

"ఆగక్కా, ఇంకా చూడందే."

"చూడ్డానికేముందిరా, ఏనుగంత ఉంటేనూ!"

మాస్టారు ముక్కాలి పీట ఎక్కి, ఇంజిన్ మీదికి వంగి, గుడ్డతో రంగు కరిగించడం మొదలుపెట్టాడు. రెండు బయటపడింది. నాలుగు బయటపడింది. ఒకటి బయటపడింది. అక్క ఊపిరి బిగబట్టింది. మర్యాదకు ఆసామి కూడా బిగబట్టాడు.

ఆఖరిది తొమ్మిది.

"ఎంతుండాలి?" అన్నాడు ఆసామి.

"ఆరు."

"అయితే కాదన్నమాట. పోన్లెండమ్మా," అని ఆసామి ఊపిరి వదిలాడు.

మామూలుగా అయితే మాస్టారు పీట దిగి తీర్పు చెప్పాలి. ఆయన దిగలేదు. ఆ సమయంలో ఆయనను పట్టి పీడిస్తున్నది ఒక చిన్న ఉక్కు ముక్క.

అంకెల పంచ్‌ల పెట్టెలో ఆరుకూ తొమ్మిదికీ వేర్వేరు పంచ్‌లుండవు. ఉండేది ఒక్కటే. ఒకవైపు పట్టుకుంటే ఆరు, తిప్పి పట్టుకుంటే తొమ్మిది. ఏది పైవైపో తెలియడానికి పంచ్ నడుము మీద చిన్న గాడి ఉంటుంది. మాస్టారి పంచ్‌కున్న గాడి ఆయన బొటనవేలి రాపిడికే అరిగి నున్నబడిపోయింది. కొత్తది ఇప్పించమని ఆయన స్టోర్సుకు మూడు అర్జీలు పెట్టుకున్నాడు. అవి పరిశీలనలో ఉండగానే వర్క్‌షాపు మూతపడింది. ఈ లోపల ఒక అధికారి అనుమానపడి అడిగితే, మాస్టారు రొమ్ము విరుచుకుని, "నా చేతిలో ఆరు ఆరేనండి" అన్నాడు. ఆ మాట వర్క్‌షాపంతా పాకి, ఇంటిదాకా వచ్చి, చివరికి ఆయనే నమ్మేశాడు.

"అక్కా," అన్నాడు పీట మీది నుంచే. "నేను ఆరును తిరగేసి కొట్టి ఉండొచ్చు."

"నీ చేతిలో ఆరు ఆరేనని ఇన్నాళ్లూ కోతలు కోశావు కదరా?"

"కోశాను."

ఆసామి మొహం మాడిపోయింది. అతని షెడ్డులో ఉన్న సగం బండ్లు మాస్టారి మాట మీదే నిలబడి ఉన్నాయి.

మాస్టారు పీట దిగి సంచిలోంచి నోటుపుస్తకాలు తీశాడు. 2419 అనే అంకెను ఎక్కడో రుద్దినట్టు జ్ఞాపకం. నాలుగో పుస్తకం కాదు, అయిదోది. పేజీలు తిప్పగా తిప్పగా దొరికింది. రెండేళ్ల కిందట వేరే షెడ్డులో, మరో లారీ. 2419. కింద ఆయన దస్తూరీలో "మనదే." ఇవాళ రుద్దిన కాయితాన్ని దాని పక్కన పెట్టాడు. అదే తేదీ, అవే బోరు కొలతలు, ఎడమకు ఒరిగే అదే ఒకటి అంకె.

"ఒకే నంబరు రెండు ఇంజిన్లకు ఉండదు," అన్నాడు మెల్లగా. "ఒకటి నిజం తొమ్మిది. ఇంకోటి తలకిందులైన ఆరు. రెంటిలో ఒకటి బావ బండే."

"ఆ రెండోది ఎక్కడుందిరా?"

"పోయినేడు కోసి, కరిగించేశారక్కా."

అక్క కర్ర మీద రెండు చేతులూ పెట్టుకుని ఆలోచించింది. "అయితే నా సవతి ఇదైనా అయ్యుండాలి, పోయిందైనా అయ్యుండాలి."

"అంతే."

"ఏదిరా?"

మాస్టారు భూతద్దం కింద రెండు తొమ్మిదులనూ చూశాడు. తల తిప్పి చూశాడు, కాయితం తిప్పి చూశాడు. కళ్లు మూసుకుని ఆ తేదీని గుర్తుచేసుకోబోయాడు. ఆ ఏడు రెండువేల పైచిలుకు ప్లేట్లు కొట్టాడు. అదే చెయ్యి, అదే సుత్తి, అదే ఒక్క దెబ్బ. ఎవడో నకిలీగాడు చేసినదైతే ఈపాటికి పట్టేసేవాడు. ఇది తన సొంత చేతిపని. ఏ లోపమూ కనబడటం లేదు.

"కొట్టింది నువ్వే కదరా? పక్కన ఇంకెవరూ లేరు కదా?"

"నేనే అక్కా."

"మరి చెప్పు."

"ఇదే," అన్నాడు మాస్టారు హఠాత్తుగా. "ఇదే అక్కా. మనదే."

అక్క తమ్ముడి మొహం వైపు చూడలేదు. పక్కకు వంగి చెవుల వైపు చూసింది. "ఎర్రబడ్డాయిరా," అంది. "అయిదో ఏటి నుంచీ అంతే నీకు."

ఈలోగా ట్రైలరు వచ్చింది. ఆసామి కాయితం, పెన్ను తెచ్చి మాస్టారి చేతిలో పెట్టాడు. "ప్లేటు అసలుదేనని ఒక్క ముక్క రాసివ్వండి, చాలు."

"రాస్తాను. నంబరు మాత్రం నేను వెయ్యలేను."

"నేను వేసుకుంటా లెండి. అంత స్పష్టంగా కనబడుతోందిగా, తొమ్మిదని."

మాస్టారు రాసిచ్చాడు.

అక్క లారీ దగ్గరికి నడిచి, డ్రైవరు వైపు తలుపు మీద చెయ్యి వేసింది. నోరు తెరిచింది. యాభై ఏళ్లుగా దాచిపెట్టిన మాటలు నాలుక చివరి దాకా వచ్చి ఆగాయి. తీరా ఇది పరాయిదైతే? ముక్కూ మొహం ఎరగనిదాన్ని పట్టుకుని ఏమని అడుగుతుంది? చెయ్యి తీసేసి, లారీకి వీపు పెట్టి నిలబడి, తమ్ముణ్ని చూసింది.

"ఏం పొయ్యేకాలంరా నీకు, ఒక్క అంకె తిన్నగా కొట్టలేకపోయావు?"

"తప్పేనక్కా."

"పదకొండేళ్లు!" అంది అక్క, సవతికి దాచిన మాటలు తమ్ముడి మీదికి తిప్పి. "వానల్లో, బురదలో ఆయన్ని నీ కింద పడుకోబెట్టుకున్నావు. ఆయన నడుం విరిగింది నీ మూలానే."

"అవునక్కా."

"పిల్లకు జ్వరమొస్తే కూడా ఇంటికి పంపలేదు. ఆ రోజే నీకు టైరు పేలాల్సొచ్చిందా?"

"పేలకుండా ఉండాల్సిందక్కా," అన్నాడు మాస్టారు తల వంచుకుని.

వెనక గొలుసులు బిగిశాయి. లారీ కిర్రుమంటూ ట్రైలరు మీదికి ఎక్కింది. అక్క తిరగలేదు. చప్పుడు గేటు దాటి, రోడ్డు మీద పడి, పల్చబడేదాకా తిడుతూనే ఉంది. ఆ తర్వాత ఆగింది.

"వెళ్లిపోయిందా?"

"వెళ్లిపోయిందక్కా."

"పోయేటప్పుడు చూశావుగా. ఏమైనా తెలిసిందా?"

"లేదక్కా," అన్నాడు మాస్టారు.