నాన్న బిగించిన కొక్కెం

ఘాటుగా పెట్రోలు వాసన తగిలితే నాకిప్పటికీ కుదురుండదు. బేతంచెర్ల రైల్వేగేటు దగ్గర ఆపినా మా పాత కారు రొద పెడుతూనే ఉండేది. మెకానిక్ దగ్గర మాత్రం బుద్ధిగా ఉండేది.

"నువ్వెక్కితేనే ఇట్ల అరుస్తాండాది, పెట్రోలు నీళ్లమాదిరి తాగుతాండాది!" అని నాన్న అమ్మను కసిరేవాడు.

కారుకు అమ్మంటే పడదని నేను నమ్మాను. అమ్మ ఆలూరులోని పుట్టింటికి బస్సులో పోసాగింది.

ఒకరోజు నాన్న తన సంచిని డాష్‌బోర్డు కిందున్న, లాగితే ఇంజిన్‌కు పెట్రోలు ఎక్కువ పోయే చోక్ పిడికి తగిలించాడు. బరువుకు పిడి బయటికొచ్చి, ఇంజిన్ గీపెట్టింది. కాళ్ల కిందంతా నాపరాళ్ల దుమ్మని, అమ్మ ఎప్పుడూ సంచి తగిలించేది అక్కడే.

 మర్నాడు నాన్న ఆ పక్కనే కొక్కెం బిగించి, అమ్మతో "ఆలూరుకు నేనే దింపుతా, ఎక్కు" అన్నాడు.

అదే క్షమాపణని నాకు ఇన్నేళ్లకు అర్థమైంది. అమ్మకు అప్పుడే అర్థమై ఉంటుంది; అయినా ఆలూరు దాకా సంచి కొక్కేనికి తగిలించకుండా ఒళ్లోనే పెట్టుకుని కూర్చుంది.