మా మేనకోడలి వ్యాసంలోంచి నేను తీసేసిన మంచు

ఈ బరువు ఎవరూ నా నెత్తిన పెట్టలేదు. నేనే ఎత్తుకున్నాను. ఏళ్లుగా మోసి, దించే చోటు తెలియక ఇవాళ మీ ముందుకు తెచ్చాను.

మా అన్న కూతురు ఇంటర్ చదవడానికి సోమల నుంచి మదనపల్లెకు, నా దగ్గరికి వచ్చింది. నేను బడిలో ఇంగ్లీషు టీచరును. పెళ్లి చేసుకోలేదు. రెండేళ్లలో ఇల్లు దాని కబుర్లకు అలవాటు పడిపోయింది. అప్పుడు ఎక్కడో ఉత్తరాదిన పెద్ద కాలేజీకి దరఖాస్తు పెడతానంది. నీ గురించి నువ్వు రాయమన్నారట. తను తెలుగులో రాసింది. ఇంగ్లీషులోకి మార్చాల్సింది నేను.

ఎంత బాగా రాసిందో! చలికాలం ఉదయం, మంచులో టమాటా తోట. పక్క సాలులో ఉన్న అమ్మ కనిపించదు, గొంతు మాత్రం వినిపిస్తుంది. మంచు విడితేగానీ కాయల రంగు తెలియదు కాబట్టి, అందాకా ఎవరి సాలులో వాళ్లు కూర్చుని, కనిపించని మనుషులతో మాట్లాడుకుంటూ ఉంటారు. చివర్లో ఇలా ఉంది: "దూరం పోయే లారీకి దోరకాయలే కోస్తాము. దోవలో పండుతాయి. నన్నూ అట్లే కోసుకోండి."

చదువుతుంటే నేనూ ఆ మంచులో కూర్చున్నట్టే ఉంది. కళ్లు తుడుచుకున్నాను. వెంటనే భయమేసింది. ఇది చదివాక పిల్లను తీసుకోకుండా ఉంటారా? ఇది వెళ్లిపోతే సాయంత్రాలు నేనెవరితో మాట్లాడాలి?

మంచు తీసేశాను. అమ్మ గొంతు తీసేశాను. దోరకాయలు తీసేశాను. దేశానికి సేవ చేస్తాను, తల్లిదండ్రులకు పేరు తెస్తాను అంటూ, పరీక్ష పేపర్లలో దిద్దీ దిద్దీ విసిగిపోయిన చప్పిడి మాటలన్నీ చక్కటి ఇంగ్లీషులో పేర్చాను. "నువ్వు రాసినాక నేను సూసేదేముండాది అత్తా" అని చదవకుండానే పంపేసింది.

తర్వాత నెలల తరబడి ఎదురుచూపు. ఫోను మోగితే పిల్ల ఉలిక్కిపడేది. దాని పక్కనే నిలబడి నేనూ దేవుడికి దండం పెట్టేదాన్ని. ఏమని మొక్కానో ఇప్పటికీ నాకు తెలియదు.

సీటు రాలేదు.

"నేను సరిగా రాయలేదేమోనమ్మా" అన్నాను.

"నువ్వు బాగానే రాసుంటావు అత్తా. మా బతుకులో వాళ్లకేమీ కనపడలేదేమో."

అప్పుడైనా చెప్పొచ్చు కదా? అన్నం తిందువు రమ్మన్నాను.

కుప్పంలో డిగ్రీ చదివింది. అక్కడే ఉద్యోగం. సెలవులొస్తే పుంగనూరు మీదుగా బస్సులో వస్తుంది, నవ్వుతూనే ఉంటుంది. తోట గురించి మాత్రం మళ్లీ ఒక్క ముక్క రాయలేదు. ప్రేమకొద్దీ చేశానని సర్దిచెప్పుకోనా? ప్రేమే. పచ్చి స్వార్థం కూడా.

క్షమించమని ఎవరినీ అడగడం లేదు. దానికి చెప్పే ధైర్యం లేక మీకు చెబుతున్నాను. ఇంతకే గుండె కాస్త తేలికైంది, అందుకు సిగ్గుగానూ ఉంది. మీ బతుకు వాళ్లకు కనపడకపోవడం కాదు తల్లీ. నేను చూపించనేలేదు.