నడుం కొలత

మా చెల్లెలు సిపాయి. నేను బట్టలు కుట్టుకుంటూ ఇంటి దగ్గర మిగిలాను, అది తుపాకీ పట్టుకుంది. చిన్నప్పుడు వీధిలో మగపిల్లలు దాన్ని 'గుర్రం' అని వెక్కిరించేవాళ్ళు. పరుగులో మాత్రం ఒక్కడూ దాని దరిదాపులకు వచ్చేవాడు కాదు.

భుజం మీద మూడో పట్టీ రావాలంటే పని తెలిస్తే చాలదు. పరుగు, బస్కీలు, ఆఖర్న నడుం కొలత. వీటన్నిట్లో మార్కులు రాకపోతే ప్రమోషన్ లేదు. మూడో పట్టీ వస్తే ఈ ఊళ్ళోనే శిక్షణ కేంద్రంలో పని, ఉండడానికి క్వార్టర్. రాకపోతే సరిహద్దుకు బదిలీ. అక్కడికి పసిపిల్లల్ని రానివ్వరు. సరిగ్గా ఆ ఏడే దానికి పాప పుట్టింది, అదీ ఆపరేషన్ చేసి తీశారు.

బాలింతలకు పరీక్ష నుంచి మినహాయింపు ఉంది. ఎంత దయో! మినహాయింపు తీసుకుంటే మార్కులు లేవు, మార్కులు లేకపోతే పట్టీ లేదు. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు.

"నేను పరిగెడతా అక్కా," అంది.

"కుట్లు ఇంకా పచ్చిగా ఉన్నాయి. పిచ్చా నీకు?"

"మరి పాపని వదిలి పొమ్మంటావా?"

దాని మొగుడేమో లారీ మీద ఎక్కడో ఉన్నాడు. పరీక్ష రోజు పాపని ఎత్తుకుని మైదానం కంచె పక్కన నిలబడ్డాను. అది పరిగెత్తింది. పాలు కారి బనియను తడిసిపోయినా ఆగలేదు. మగాళ్ళు సగం మంది దాని వెనకే రొప్పుతూ వచ్చారు. నాకు ఈల వెయ్యాలనిపించింది.

తరవాత టేపు. కుండల్లాంటి పొట్టలవాళ్ళు ఊపిరి బిగబట్టారు, సార్జెంటు నవ్వుతూ టేపు బిగించి లాగాడు. అందరూ పాస్. మా చెల్లి దగ్గరికొచ్చేసరికి ఆయనకు ఎక్కడలేని సిగ్గు ముంచుకొచ్చింది. టేపుని వదులుగా చుట్టి, ఎటో చూస్తూ అంకె చెప్పాడు. రెండు వేళ్ళు ఎక్కువ!

"బిగించండి సార్, నేనేం కందిపోను," అంది చెల్లి.

"బాగోదమ్మా. నువ్వు నా చెల్లెలి లాంటిదానివి."

నిప్పుల్లో పొయ్య ఆ మర్యాద! "ఆ టేపు ఇలా తెండి, నేను కొలుస్తా!" అని అరిచాను. కాపలావాడు నన్ను వెనక్కి నెట్టాడు. పక్కనే ఉన్న ఆఫీసరు తీరిగ్గా చెల్లి వైపు తిరిగి, "మినహాయింపు ఉండగా నిన్నెవరు రమ్మన్నారు? ఇప్పుడు చూడు, ఫెయిలయ్యావు," అన్నాడు.

నెల తిరక్కుండా బదిలీ వచ్చింది. పాపకు పాలు మాన్పించి, నా చేతుల్లో పెట్టి వెళ్ళింది. బస్సు కదిలేదాకా ఏడవలేదు. వాళ్ళందరినీ నోటికొచ్చినట్టు తిట్టింది నేనే.

ఒక్క సెలవూ దొరకలేదు. రెండేళ్ళు దాటాక ఒకరోజు ఫోన్ చేసింది. "పాసయ్యానక్కా! ఈసారి నడుం సరిపోయింది."

సరిపోక ఏం చేస్తుంది? అక్కడ తిండి సయించక పుల్లలా ఎండిపోతే! అయినా పట్టీ వచ్చింది, ఊరికి బదిలీ అయింది. ఆ వారమంతా పాపకి ఫొటో చూపించి "అమ్మ, అమ్మ" అని నేర్పుతూనే ఉన్నాను.

యూనిఫారంలో వచ్చి గుమ్మంలోనే మోకాళ్ళ మీద కూర్చుని చేతులు చాచింది. పాప దాన్ని ఎగాదిగా చూసింది. పరిగెత్తుకొచ్చి నా కాళ్ళు వాటేసుకుంది.

"అమ్మా, ఎవరో వచ్చారు," అంది నాతో.