పరిగె తిన్న బాతులు

"ఆ రోజులే బాగుండేవండీ" అని ఎవరైనా అంటే నాకు ఒళ్ళు మండుతుంది. మొన్న ముక్తేశ్వరంలో ఒక పెళ్ళిభోజనాల దగ్గర ఆ మాట విన్నాను. అన్నవాడు, ఒకప్పుడు మేము కోత కోసిన చేను ఆసామి కొడుకు. నర్సు ఉద్యోగం చేసి రిటైరైనదాన్ని కదా, ఇప్పుడు నన్ను గారు అంటూ పక్కనే కూర్చున్నాడు.

కోతల కాలంలో మా అమ్మ, నేను, మా పేట ఆడవాళ్ళు ఊరు వెంట ఊరు తిరిగేవాళ్ళం. కొత్తపేట దగ్గర మొదలుపెట్టి, చేను ఎటు పండితే అటు, గోదావరి దాటి కె.గంగవరం దాకా. పడక పశువుల పాకలో. మమ్మల్ని గుమ్మం ఎక్కనిచ్చిన ఇల్లు ఒక్కటీ లేదు.

కూలి దారిలో తిండికే సరిపోయేది. ఇంటికి మోసుకెళ్ళేది పరిగె ఒక్కటే. పనలు ఎత్తేశాక చేలో రాలిన వెన్నులు కోసినవాళ్ళవే, అది ఊరూరా ఉన్న ఆచారం. ఇంటి దగ్గర మా అమ్మమ్మ, తమ్ముడు ఆ గింజల కోసమే కళ్ళు కాయలు కాసేలా ఎదురుచూసేవారు.

ఒక ఏడు ఆఖరి చేను, పెళ్ళిలో నా పక్కన కూర్చున్న ఈయన తండ్రిది. పనలు కళ్ళానికి మోసి, గోనెసంచులు పట్టుకుని తిరిగొచ్చేసరికి చేనంతా బాతులు. మేము కళ్ళంలో ఉండగానే బాతులవాళ్ళు ఇచ్చే గుడ్లకి ఆశపడి బాతుల మందని దింపించాడు ఆ మహానుభావుడు. గట్టు మీద నిలబడి, "బాతులు తినగా మిగిలింది ఏరుకోండే," అన్నాడు.

అమ్మ తలొంచుకుని, "ఆయ్, అలాగేనండీ," అంది. మళ్ళీ ఏడు పిలవాలి కదా. సాయంత్రం దాకా వెతికితే దోసెడు గింజలు కూడా రాలేదు. ఇంటికి చేరగానే తమ్ముడు ఎదురొచ్చి ముందు సంచీ తడిమి చూశాడు. మా నోట్లో మట్టి కొట్టినవాణ్ణి నేను ఈ రోజుకీ క్షమించలేదు, క్షమించను కూడా. ప్రతి ఆదివారం చర్చిలో, మాకు కీడు చేసినవాళ్ళని క్షమించాం అనే ప్రార్థన వల్లించే వస్తాను, అయినా సరే.

"మీ అమ్మగారు ఎంత మంచావిడండీ! మా నాన్నగారి మాటకి ఎప్పుడూ ఎదురు చెప్పి ఎరగరు. అందరం ఒక్క ఇంట్లోవాళ్ళలా ఉండేవాళ్ళం. ఏమంటారండీ?" అన్నాడు ఆయన. బంతిలో అందరూ నా వైపు చూశారు. మావాళ్ళ నోట అలాంటిచోట వచ్చే మాట ఆయ్ ఒక్కటే. నా నాలిక మీదికి అదే వచ్చింది.

"కాదండీ," అన్నాను. "మీ నాన్నగారు మా పరిగె బాతులకి పెట్టేరు. మా అమ్మ ఏమీ అనలేకపోయింది. నేనంటున్నాను."

ఆయన ముద్ద చేతిలోనే ఉండిపోయింది. నేను మాత్రం లేవలేదు. పెరుగన్నం దాకా కూర్చుని, విస్తట్లో మెతుకు మిగలకుండా తిన్నాను.